ఆరో పేరు

జాబితాలో ఐదు పేర్లుంటాయి.
నాది గీత కింద.
ఎనిమిది నెలలుగా ఆ గీత కిందే తిన్నాను, పడుకున్నాను.
బ్రాడీపేట నాలుగో లైను, మూడో అంతస్తు,
కిటికీలకు నల్ల కాగితం అంటించిన ఇల్లు.
తెల్లారిందని కింద ఇస్త్రీబండి బొగ్గుల వాసన వచ్చి చెప్పాలి.

మస్తాన్ వలీ, నీ చెయ్యి ఆగిపోతే బాగుండని
నేనెప్పుడూ అనుకోలేదని రాస్తే
ఈ కాగితం ఇక్కడే అబద్ధమైపోతుంది.
అనుకున్నాను. రెండుసార్లు.
ఒకసారి నిద్రలో. అది లెక్కలోకి రాదు.

మొదట నీ చేతిలోంచి జారింది ఫోను కాదు,
టీ గ్లాసు. అరండల్‌పేటలో.
అందరం నవ్వాం. గ్లాసు డబ్బులు నువ్వే ఇచ్చావు,
ఎడంచేత్తో.
తర్వాత చొక్కా గుండీలు. తర్వాత బండి తాళం.
తర్వాత సెమీస్‌లో,
గోడ వెనక నక్కినవాణ్ణి అందరికంటే ముందు నువ్వే చూశావు,
"ఎడమ, ఎడమ" అని అరిచావు కూడా.
బొటనవేలు మాత్రం రాలేదు.

కొత్తపేట డాక్టరమ్మ నీ మణికట్టు మీద వేలితో కొట్టి
"రోజుకెన్ని గంటలు?" అంది.
"పద్నాలుగు."
"ఏం పని?"
నువ్వు నా వైపు చూశావు.
మీ అమ్మ పనికి పేరుంది, యార్డులో మిరప తొడిమలు తీస్తుంది,
ఆమె వేళ్లు మండితే మంట అని అందరికీ అర్థమవుతుంది.
ఆడి ఆడి చెయ్యి పోయిందంటే
బయట బల్ల మీద కూర్చున్న ముసలాయన కూడా నవ్వేట్టున్నాడు.
జ్వరానికైతే థర్మామీటరు సాక్షి.
నొప్పి తరఫున ఎవరొస్తారు?

"రెండు నెలలు కట్టు. ఏదీ పట్టుకోకూడదు."
ఆవిడ రాస్తుంటే అడ్డంగా చెయ్యి పెట్టావు.
"వద్దు మేడమ్. రాస్తే ఉండిపోద్ది.
రేపు ఏ టీమూ నన్ను పిలవదు."
ఆవిడ నీ చెయ్యి పక్కకి జరిపి రాసింది.
ఆ చీటీ నాలుగు మడతలేసి ఫోను కవరులో దాచావు.

ఓనరు నూతక్కి గారికి మూడు కోల్డ్ స్టోరేజీలు.
కాయ మెత్తబడితే గ్రేడు మారుతుందని తెలిసినవాడు.
"ఆరింటికి జాబితా మూసేస్తారు.
కారణం దగ్గర 'వ్యక్తిగతం' అని కొట్టండి.
ఆరోగ్యం అన్నారో, పన్నెండో పేజీ లేస్తుంది."
ఆ పేజీ మనలో ఎవరం చదవలేదు.
సంతకాల రోజు జెర్సీలిచ్చారు, వీపు మీద పేర్లతో.
ఆ పేర్లే చదువుకున్నాం రోజంతా, ఒకడి వీపు ఒకడు.
ఇప్పుడు ఫణిభూషణ్ గట్టిగా చదివాడు:
గాయపడినవాడికి జీతం, వైద్యం.
తనంతట తాను తప్పుకున్నవాడికి
జెర్సీ.

ఇల్లు రెండుగా చీలింది.
ఇద్దరు నీ వైపు, ఇద్దరు కప్పు వైపు.
నేనెటో ఎవరూ అడగలేదు.
అడక్కపోవడం నాకూ హాయిగానే ఉంది, ఒప్పుకుంటున్నాను.

మధ్యాహ్నం వచ్చిన మెస్ క్యారియర్
అరుపులన్నీ అయ్యాక ఐదున్నరకి తెరిచాం.
గోంగూర, ముద్దపప్పు, గడ్డపెరుగు.
ఎడంచేత్తో నువ్వు అన్నాన్ని కంచం అంచు దాకా తోస్తున్నావు,
అది దాటి పడిపోతోంది.
నీ కంచం లాక్కున్నాను.
నూనె చుక్క వేసి, పప్పూ గోంగూరా కలిపి,
ముద్దలు చేసి పెట్టాను.
"ఉల్లిపాయ?"
"ఊఁ."
సెమీస్ తర్వాత మనం మాట్లాడుకున్నది అదే మొదలు.

నాలుగో ముద్ద నోట్లో ఉండగానే అన్నావు:
"నీ వేళ్లు పొడుగు. స్పీడు నాలుగు తగ్గించుకో.
మెట్ల దగ్గర ఆగమాక. నేను ఆగేవాణ్ణి."
కవరు విప్పి చీటీ బల్ల మీద పెట్టావు.
"ఇది కూడా పంపు."

నా కుడిచేతి నిండా గోంగూర.
అందుకని ఎడంచేత్తో కొట్టాను,
ఆ, రో, గ్యం.
ఎంత నిదానంగా వస్తాయో అక్షరాలు, అప్పుడు తెలిసింది.
ఐదు యాభై ఎనిమిదికి వెళ్లింది.

గీత పైకి వచ్చానని ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
నూతక్కి గారి ఫోను మోగుతోంది, ఆగుతోంది, మళ్లీ మోగుతోంది.
నువ్వు పెరుగు అడిగావు.